పన్నెండేళ్ల నాటి ఆది జాకెట్టు: ఒక వార్డ్‌రోబ్ కేస్ స్టడీ

ఎవరి ఒంటికి, పనికి ఏ బట్టలు సరిపోతాయో చూసి చెప్పడం నా వృత్తి. ఈ కేసులో క్లయింట్‌కి 57 ఏళ్లు. ఉద్యోగ జీవితమంతా లెక్కల విభాగంలో, గోడవైపు టేబుల్ దగ్గర గడిచింది. కొత్తగా చేరినవాళ్లకు శిక్షణ ఇచ్చే పని ఈ మధ్యే అప్పగించారు. అంటే వారంలో చాలా రోజులు ఒక గది నిండా ఉన్న కుర్రవాళ్ల ముందు నిలబడి మాట్లాడాలి. ఆవిడ అనుమతితోనే ఇది రాస్తున్నాను. గుర్తుపట్టడానికి వీలయ్యే వివరాలు మార్చాను.

మొదటిసారి కలిసినప్పుడు ఆవిడ అడిగింది ఒక్కటే. "ఈ వయసుకి ఏవి బాగుంటాయో ఒక లిస్టు రాసివ్వండి. అవే కొనుక్కుంటా. అందరి ముందూ నిలబడాలంటే టెన్షన్‌గా ఉంది, బట్టల గురించి కూడా ఆలోచించే ఓపిక లేదు."

లిస్టు ఇవ్వలేదు. యాభై దాటితే ఇవి వేసుకోవచ్చు, ఇవి కూడదు అని చెప్పే జాబితాలు వయసునే చూస్తాయి, ఒంటిని చూడవు. ఒకే ఏడు పుట్టిన ఇద్దరి భుజాలు ఒకేలా ఉండవు, వాళ్లు రోజంతా చేసే పనీ ఒకటి కాదు. పైగా అలాంటి జాబితా చేతికి వచ్చాక మనిషి ఇంకాస్త భయపడటమే ఎక్కువగా చూశాను.

లిస్టుకు బదులు ఒక పని చెప్పాను. ఆఫీసుకి వేసుకెళ్లే కుర్తాలోనే నిలబడి, తన పనిలోని ఏదో ఒక విషయం నాకు పది నిమిషాలు వివరించమన్నాను. ఫోన్‌లో రికార్డు చేసి, తర్వాత సౌండ్ తీసేసి ఆవిడకే చూపించాను. మాట వినిపించకపోతే చేతులు కనిపిస్తాయి. ఆవిడ చెయ్యి మాటిమాటికీ మెడ దగ్గరికి వెళ్లి కుర్తాని ముందుకు లాగుతోంది. బోర్డు మీద రాయడానికి చెయ్యెత్తినప్పుడల్లా కుర్తా మొత్తం పైకి లేస్తోంది, రెండో చెయ్యి దాన్ని కిందికి లాగుతోంది. "టెన్షన్‌లో ఇలా చేస్తున్నానా?" అని అడిగారు. కొంత అదే కావచ్చు. కానీ బట్ట నిజంగానే వెనక్కి జారుతోంది. జారే బట్టను ఎవరైనా సర్దుకుంటారు. సర్దుకుంటున్నంతసేపూ మనసులో ఒక మూల ఆ బట్ట మీదే ఉంటుంది.

నా పనంతా ఈ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంది. బట్ట తన సంగతి తాను చూసుకుంటే మనిషి తన పని చూసుకోగలదు. మంచి డ్రెస్ వేసుకుంటే ఆత్మవిశ్వాసం దానంతటదే పుట్టుకొస్తుందని నేను చెప్పను. తెల్ల కోటు తొడుక్కున్నవాళ్లకు ఏకాగ్రత పెరిగిందని 2012లో వచ్చిన ఒక పరిశోధన బాగా ప్రచారమైంది. 2019లో వేరే బృందం అదే ప్రయోగాన్ని మళ్లీ చేస్తే ఆ ఫలితం రాలేదు. మా వృత్తిలో చాలామంది మొదటిదే చెబుతారు, రెండోదాని ఊసెత్తరు.

అల్మరా

వాళ్లింటికి వెళ్లి అల్మరాలో ఉన్నవన్నీ మంచం మీద పెట్టించాను. ఇష్టమైనవి ఒకవైపు, ఇష్టం లేనివి ఒకవైపు అని నేను వేరు చేయించను. ఇష్టం గురించి అడిగితే మనుషులు మొహమాటానికి పోతారు. ఇది ఎవరో ఇచ్చింది, అది ఎంతో ఖరీదైనది అంటూ కథలు మొదలవుతాయి. చివరిసారి ఎప్పుడు వేసుకున్నారనేది మాత్రమే అడుగుతాను.

అలా చూస్తే రోజూ వాడేది చాలా చిన్న గుట్ట. ఎక్కువ భాగం ముదురు గోధుమరంగు, నలుపు కుర్తాలు. అన్నీ ఒక సైజు పెద్దవి, పొట్ట కనపడకూడదని కొన్నవి. ఇంకో గుట్ట బరువు తగ్గాక వేసుకుందామని దాచినవి. మూడోది కూతురు కొనిచ్చినవి, లేబుల్ కూడా తీయలేదు. ముదురు గులాబీ, నిమ్మపండు రంగు. "అది నన్ను చిన్నదాన్ని చేద్దామని చూస్తుంది, నేనేమో ముసలిదాన్నైపోయానని నల్లవి కొనుక్కుంటాను" అని నవ్వేశారు. ఆవిడ నోట్లోంచి వచ్చిన ఆ మాట నా నోట్సులో అలాగే రాసుకున్నాను.

అన్నిటికన్నా పనికొచ్చింది అడుగున దొరికింది. కొడుకు వదిలేసిన పాత మగవాళ్ల చొక్కా, నీలం రంగు, కాలర్ అరిగిపోయింది. ఇంట్లో ఉన్నప్పుడు దాదాపు రోజూ అదే వేసుకుంటారట. నాకు చూపించడానికి సిగ్గుపడ్డారు. అది వేసుకుని చెయ్యెత్తమన్నాను. చొక్కా కదల్లేదు. మెడ దగ్గరికి చెయ్యి వెళ్లలేదు.

మగవాళ్ల చొక్కాకి భుజాల మీద యోక్ అనే ఒక అడ్డముక్క ఉంటుంది. దానివల్ల ముందువైపు కుట్టు భుజం నడినెత్తిన కాకుండా కాస్త ముందుకు, ఛాతీ వైపు దిగి ఉంటుంది. యోక్ కింద వీపు మధ్యలో ఒక మడత ఇస్తారు, చేతులు ముందుకు చాచినప్పుడు ఆ మడత విచ్చుకుంటుంది. చాలాకాలం టేబుల్ మీదికి వంగి పనిచేసి భుజాలు ముందుకు వచ్చిన ఒంటికి ఈ కట్ సరిగ్గా నప్పుతుంది. ఆవిడ అల్మరాలో తన ఒంటికి సరిపోయిన ఒకే ఒక్క కట్ అది. మనం మళ్లీ మళ్లీ వేసుకునే పాత బట్టలో ఇలాంటి కారణం ఏదో ఒకటి ఉంటుంది. అందుకే పారేయమని చెప్పేముందు తిరగేసి కుట్లు చూస్తాను.

కొలతలు

బ్లౌజులు, కుర్తాలు ఎవరు కుడతారని అడిగాను. టైలర్ చాలా ఏళ్లుగా ఒకరే. కొలతలు ఎప్పుడిచ్చారంటే, ఆది జాకెట్టు ఇస్తానని చెప్పారు. ఆ ఆది పన్నెండేళ్ల కిందటిది. అప్పటినుంచి ప్రతి కొత్త బ్లౌజూ దాని కొలతలతోనే కుట్టారు. బిగిసినప్పుడల్లా పక్క కుట్లు కాస్త వదులు చేశారు, మిగతాదంతా 45 ఏళ్ల మనిషిదే. కుర్తాల పైభాగానికి కూడా అదే ఆది.

పన్నెండేళ్లలో ఒంట్లో ఏం మారుతుంది? బరువు మారకపోయినా, నెలసరి ఆగిపోయే దశలో కొవ్వు తుంటి, తొడల నుంచి నడుము, పొట్ట వైపు చేరుతుంది. నలభై దాటాక ఎత్తు పదేళ్లకు సుమారు ఒక సెంటీమీటరు చొప్పున తగ్గుతుంది, వెన్నుపూసల మధ్య డిస్కులు పల్చబడటం అందుకు ఒక కారణం. వీపు పైభాగం కొద్దిగా గుండ్రమవుతుంది, తల ముందుకు వస్తుంది. రొమ్ములు కిందికి దిగుతాయి. ఇవేవీ జబ్బులు కావు. కానీ నడుము చుట్టుకొలత తప్ప తక్కినదేదీ టేపుతో మామూలుగా కొలిచేటప్పుడు బయటపడదు. దాంతో "నేను లావయ్యాను" అనే ఒక్క మాటతో ఆడవాళ్లు మొత్తం లెక్క ముగించేస్తారు. ఈవిడా అంతే.

లోపలి నుంచి మొదలుపెట్టాలి. బ్రా సరిగ్గా లేకుండా తీసుకున్న బ్లౌజు కొలత వృథా. ఈవిడ పాతికేళ్లుగా ఒకటే సైజు వాడుతున్నారు. చేతులెత్తితే వెనక పట్టీ పైకి పాకుతోంది, అంటే పట్టీ వదులు. ముందేమో కప్పు చాలక పైన ఉబ్బుగా వస్తోంది. బరువును మోయాల్సింది ముఖ్యంగా పట్టీ, భుజం మీది తాళ్లు కావు. పట్టీ ఒక సైజు తగ్గించి, కప్పు పెంచాం. కొత్తది కొనేటప్పుడు అన్నిటికన్నా వదులు హుక్కులో సరిపోవాలి. వాడేకొద్దీ ఎలాస్టిక్ సాగుతుంది, లోపలి హుక్కులు అప్పటి కోసం. భుజాల మీద ఏళ్లుగా ఉన్న గాట్లు ఎందుకు పడ్డాయో ఆవిడకి అప్పుడు అర్థమైంది.

ఆ తర్వాతే టైలర్ దగ్గరికి వెళ్లాం. మూడు మార్పులు అడిగాను. భుజం కుట్టు అర అంగుళం పైచిలుకు ముందుకు జరపాలి. వీపు పొడవు, మెడ ఎముక నుంచి నడుము దాకా, ముప్పావు అంగుళం పెంచాలి. టక్‌ని, అంటే రొమ్ము దగ్గర బట్ట మడిచి వేసే కుట్టుని, ఒక అంగుళం కిందికి దించి, కొన రొమ్ము మొనకు అంగుళం ముందే ఆపాలి. ఇన్నాళ్లూ మెడ ముందుభాగం గొంతుకి ఆనుకుని, కుర్తా వెనక్కి జారడానికి కారణం మొదటి రెండే. గుండ్రమైన వీపుకు ఎక్కువ బట్ట కావాలి. అది లేకపోతే వెనకభాగం ముందున్న బట్టను తనవైపు లాక్కుంటుంది.

చంక దగ్గర మాత్రం టైలర్‌కీ నాకూ వాదన జరిగింది. చెయ్యెత్తితే పట్టేస్తోందని చెప్పగానే "చంక దించేద్దాం మేడం, ఫ్రీగా ఉంటుంది" అన్నారు. అందరికీ అలాగే అనిపిస్తుంది, కానీ జరిగేది తలకిందులు. చంక ఎంత కిందికి దిగితే చేతితో పాటు పక్కభాగం అంతగా పైకి లేస్తుంది. వీడియోలో కుర్తా మొత్తం లేచింది అందుకే. చంకని పైకి, ఒంటికి దగ్గరగా ఉంచి, చేతి పైభాగం దగ్గర స్లీవ్‌ని వెడల్పు చేయాలి. ఆయన నమ్మలేదు. పాత దుప్పటి బట్ట మీద ఒక మచ్చు కుట్టించి, తొడిగి చూపించాక తల ఊపారు. మంచి చేయి ఉన్న మనిషి, ఒకసారి కంటితో చూస్తే చాలు.

కొత్త కొలతలతో ఒక బ్లౌజు, యోక్‌తో, వీపున మడతతో రెండు కుర్తాలు కుట్టించాం. కుర్తాలకి జేబులు పెట్టించాను. నిలబడి మాట్లాడేవాళ్లకు చేతులు ఎక్కడ పెట్టుకోవాలనేది నిజమైన సమస్య. మార్కర్, కళ్లజోడు, ఫోన్ పెట్టుకోవడానికీ చోటు దొరికింది.

రంగుల దగ్గర

ఏడాది కిందటే జుట్టుకి రంగు వేసుకోవడం మానేశారు. ముందుభాగం దాదాపు తెల్లబడింది, వెనక ఇంకా నలుపు. జుట్టు నెరిశాక లేత రంగులే వేసుకోవాలని ఎక్కడో చదివి, ఇకమీదట అలాగే చేయాలని నిర్ణయించుకున్నారు. ఆ సలహా తెల్లటి చర్మం ఉన్నవాళ్ల కోసం పుట్టింది. తెల్లటి ముఖం పక్కన నల్లజుట్టు కొట్టొచ్చినట్టుంటుంది, అది నెరిస్తే ఆ తేడా తగ్గుతుంది, అప్పుడు గాఢమైన రంగులు ముఖాన్ని మింగేసే వీలుంది. ఛామనఛాయ ముఖం విషయంలో లెక్క తిరగబడుతుంది. నల్లజుట్టుతో తేడా తక్కువ, తెల్లజుట్టుతో ఎక్కువ. ఈవిడ ముఖం చుట్టూ ఇప్పుడు ముందెన్నడూ లేనంత స్పష్టమైన గీత ఉంది. దాని పక్కన మట్టిరంగు కుర్తా వెలవెలబోయింది.

మనిషి ఛాయకి ఒక రుతువు పేరు పెట్టి, కార్డులతో రంగులు తేల్చే పద్ధతి నేను వాడను. పగటిపూట కిటికీకి పక్కగా కూర్చోబెట్టి, ఒక్కో బట్టా మెడ కింద పట్టి, ఒకే చోట నుంచి ఫొటోలు తీస్తాను. తర్వాత వాటినే ఫోన్‌లో బ్లాక్ అండ్ వైట్ చేసి చూస్తాం. రంగు మీది ఇష్టాయిష్టాలు పక్కకుపోయి, వెలుగునీడల తేడా ఒక్కటే మిగులుతుంది. నెమలికంఠం నీలం, ముదురు ఆకుపచ్చ, స్వచ్ఛమైన తెలుపు ఆవిడకి బాగా నిలిచాయి. కూతురు ఇచ్చిన ముదురు గులాబీ కూడా! ఇన్నాళ్లూ దాన్ని కాదన్నది రంగు వల్ల కాదు, చేతులు బిగుతుగా ఉండటం వల్ల. నిమ్మపండు రంగు మాత్రం ఇద్దరం ఒక్కసారే వద్దన్నాం.

నలుపు ప్యాంట్లనుకుని ఆవిడ విడిగా పెట్టిన వాటిలో సగం ముదురు నీలం. వయసుతో పాటు కంటిలోని కటకం పసుపుబారి, నీలి కాంతిని ఎక్కువగా అడ్డుకుంటుంది. అందుకే నలుపునీ ముదురు నీలాన్నీ, ముఖ్యంగా మసక వెలుగులో, విడదీసి గుర్తించడం కష్టమవుతుంది. హ్యాంగర్లకి చిన్న కాగితపు గుర్తులు కట్టాం.

అడ్డగీతలు లావుగా చూపిస్తాయని ఆవిడకి గట్టి నమ్మకం. ఈ నమ్మకం లేని క్లయింట్ నాకు ఇంతవరకు తగల్లేదు. అడ్డగీతలు నింపిన చతురస్రం నిలువుగీతలున్న దానికన్నా పొడవుగా, సన్నగా కనిపిస్తుందని 1867లోనే జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ రాశాడు. గీతల దుస్తులు వేసిన ఆడవాళ్ల బొమ్మలతో ఇంగ్లండ్‌లోని యార్క్ యూనివర్సిటీలో థాంప్సన్, మికెల్లిడూ అనే పరిశోధకులు చేసిన పరిశీలన 2011లో వచ్చింది. అందులోనూ అడ్డగీతలు వెడల్పును పెంచి చూపలేదు. ఇదంతా చెప్పినా ఆవిడ గీతల కుర్తా కొనలేదు. ఇష్టం లేకపోతే కొనక్కర్లేదు, కాకపోతే కారణం తప్పు కాకూడదని నా పట్టుదల.

కుదరనివి

వేదిక మీదికి నిలువుగా, భుజాలకి ఆకారమిచ్చే జాకెట్ బాగుంటుందని సూచించాను. ఒకసారి తొడుక్కుని వెంటనే తీసేశారు. ఉన్నట్టుండి ఒళ్లంతా వేడెక్కి చెమటలు పట్టే దశ ఆవిడకి ఇంకా తగ్గలేదు. అలాంటప్పుడు లైనింగ్ ఉన్న జాకెట్ శిక్షే. లోపల పల్చటి కాటన్, పైన సులువుగా తీసేయగల ముందు తెరిచిన లినెన్ పొర దగ్గర ఆగాం. ఆ పైపొరకి భుజం కుట్టు సరైన చోట ఉండటంతో ఆకారం బాగానే వచ్చింది.

ముఖ్యమైన కార్యక్రమాలకు చీరే కడతానన్నారు. చీరతో అసలు చిక్కు మైక్. కాలర్ మైక్ క్లిప్పు పెట్టడానికి కుచ్చుళ్ల పమిట తప్ప చోటుండదు, కదిలినప్పుడల్లా బట్ట రాసుకుని గరగరమంటుంది. బ్యాటరీ డబ్బాకేమో బిగుతైన నడుంపట్టీ కావాలి. బ్లౌజు మెడ అంచుకి లోపల చిన్న గట్టి పట్టీ కుట్టించి, మైక్ అక్కడ పెట్టేలా చేశాం. లంగా బొందుకి బదులు వెడల్పైన నడుంపట్టీ వేయించాం. పమిట కుచ్చుళ్లు మైక్‌కి ఎదురువైపు భుజాన పిన్ చేస్తే సరి. బరువైన పట్టు జోలికి పోవద్దన్నాను. గంటసేపు నిలబడి మాట్లాడాలి కదా.

చేతుల్లేని కుర్తా ఒకటి వేసుకోవాలని ఆవిడకి ఎప్పటినుంచో కోరిక. "బాగోదేమో, అందరూ చేతులే చూస్తారు" అని వెనకాడారు. అందరూ చూస్తారనే భయం మీద 2000లో గిలోవిచ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం రాసిన పేపరు గురించి చెప్పాను. సిగ్గనిపించే బొమ్మ ఉన్న టీషర్టు వేసి విద్యార్థులను ఒక్కొక్కరినీ ఒక గదిలోకి పంపారు. ఆ గదిలోని వాళ్లలో దాదాపు సగం మంది బొమ్మను గమనించి ఉంటారని టీషర్టు వేసుకున్నవాళ్లు అనుకున్నారు. నిజంగా గమనించింది నాలుగోవంతు మంది. "నాలుగోవంతు కూడా ఎక్కువే కదండీ" అన్నారావిడ. దానికి నా దగ్గర జవాబు లేదు, ఇద్దరం నవ్వుకున్నాం. చేతుల్లేని కుర్తా కుట్టించారు. ఆఫీసుకి కాదు, ఇంట్లో వేసుకోవడానికి. నాకది మంచి నిర్ణయమే అనిపించింది. ధైర్యం పరీక్షించుకోవడానికి శిక్షణ తరగతే వేదిక కావాలా?

తర్వాత

కొత్త కుర్తాతో మళ్లీ అలాగే పది నిమిషాలు రికార్డు చేశాం. చెయ్యి మెడ దగ్గరికి వెళ్లడం దాదాపు ఆగిపోయింది. బోర్డు మీద రాస్తున్నప్పుడు రెండో చెయ్యి ఖాళీగా ఉంది, కాసేపటికి జేబులోకి వెళ్లింది. మాట్లాడే తీరులో నేనేమీ నేర్పలేదు. మొదటి క్లాసులకి టెన్షన్ పడ్డానని ఆవిడే చెప్పారు, బట్టల గురించి మాత్రం గుర్తే రాలేదట.

అన్నీ మారలేదు. ఫొటోలంటే ఇప్పటికీ గిట్టదు. బరువు తగ్గాక వేసుకుందామని దాచిన గుట్టలో మూడొంతులు ఇచ్చేశారు, మిగిలినవాటి జోలికి నన్ను రానివ్వలేదు. నేనూ పట్టుబట్టలేదు. పాత ఆది జాకెట్టు విప్పేసి, కొత్తదాని లోపల తేదీ కుట్టించాం. ఏడాదికోసారి, బ్రా మార్చినప్పుడల్లా కొలతలు మళ్లీ చూడాలని టైలర్‌కి కూడా చెప్పి పెట్టాం.

ఇంకా తేలనిది చెప్పుల వ్యవహారం. వయసుతో పాదాల్లోని లిగమెంట్లు వదులై పాదం పొడవు, వెడల్పు రెండూ పెరుగుతాయి. ఈవిడ కుడిపాదం పాత సైజు దాటిపోయింది, ఎడమదానికన్నా కాస్త పెద్దది కూడా. సాయంత్రం పూట, పాదాలు ఉబ్బి ఉన్నప్పుడు కొలిచి, పెద్ద పాదానికి సరిపడేవి తీసుకోవాలి. వేళ్ల దగ్గర వెడల్పు, మడమ వెనక పట్టీ, తక్కువ ఎత్తు మడమ కావాలి, చూడటానికి ఆసుపత్రి చెప్పుల్లా ఉండకూడదనేది ఆవిడ షరతు. ఇప్పటిదాకా చూసిన వాటిలో వెడల్పు సరిపోతే పట్టీ లేదు, పట్టీ ఉంటే ముందు కొన ఇరుకు. అచ్చు తీసి చెప్పులు కుట్టే ఒకాయన దగ్గరికి వచ్చే వారం వెళ్తున్నాం.